సుడి మంచిదా, చెడ్డదా?

పశువుల సంతలో ఎద్దును బేరమాడే రైతు పళ్ళు లెక్కపెట్టిన తరువాత సుడులు వెదుకుతాడు. సుడి ఉన్న చోటును బట్టి ఆ ఎద్దు ఇంటికి కలిసివస్తుందో రాదో నిర్ణయిస్తాడు. పిల్లవాడి నడినెత్తిన రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళని ముసలమ్మలు ముసిముసిగా నవ్వుతారు. అదృష్టవంతుణ్ణి చూసి ‘వాడికి సుడి ఉంది’ అంటాము. నీటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం సుడి అంటే మనకు భయమే. సుడిగుండమనగానే మనిషిని అడుగుకు లాగివేసే గోదావరి వరద కళ్ళముందు మెదులుతుంది.

సముద్రశాస్త్రంలో ‘ఎడ్డీ’ అనే మాటను తెలుగులో ‘సుడిగుండం’ అని వ్రాయడం పట్ల నా అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. గుండంలో పడినది పైకి రాదు. సముద్రపు సుళ్ళలో ఒక జాతి చేసే పని సరిగ్గా దీనికి విరుద్ధం. అది అడుగున ఉన్నదానిని పైకి తెస్తుంది. పైగా దాని కొలతలే వేరు. అడ్డంగా నూరు, రెండు నూర్ల కిలోమీటర్లు, లోతు కొన్ని వందల మీటర్లు, ఆయుష్షు కొన్ని వారాల నుండి కొన్ని నెలలు. దాని మధ్య నుండి ఓడ సాగిపోతున్నా అందులోని వారికి తాము సుడిలో ఉన్నామన్న స్పృహే కలుగదు. అందుకే 1992లో టోపెక్స్-పొసైడన్ వంటి ఉపగ్రహాలు ఆకాశం నుండి సముద్రమట్టాన్ని కొలవడం మొదలుపెట్టిన తరువాతనే కడలి నిండా ఇవి ఎంత దట్టంగా అలముకొని ఉన్నాయో స్పష్టంగా తెలియవచ్చింది.

ఇవి పుట్టే తీరు నదుల వంపులు చూసినవారికి సులభంగానే బోధపడుతుంది. సముద్రంలోనూ నదుల వంటి ప్రవాహాలున్నాయి. మన తూర్పు తీరం వెంబడి ఒకటి ఉన్నది. ఫిబ్రవరి నుండి మే దాకా ఉత్తరానికి, అక్టోబరు నుండి డిసెంబరు దాకా దక్షిణానికి పారుతుంది. ఏడాదిలో దిశ మార్చుకొనే ఇటువంటి ప్రవాహం తిన్నగా సాగదు. వేగంలోనూ సాంద్రతలోనూ ఉన్న తేడాల వలన దానిలో వంపులు పుడతాయి. వంపు ముదిరి మెలిక అవుతుంది. మెలిక తెగి తనలో తాను చుట్టుకుంటుంది. భూభ్రమణం వలన కలిగే కోరియోలిస్ ప్రభావం ఆ చుట్టును చెదిరిపోకుండా నిలబెడుతుంది. అదే సుడి.

భూమధ్యరేఖకు ఉత్తరాన అప్రదక్షిణంగా తిరిగే సుడి నడుమ నీటిమట్టం జానెడు పల్లంగా ఉంటుంది. పైన పల్లమైతే లోపల మిట్ట. ఆ సుడి బలపడుతున్న కొద్దీ అడుగునున్న చల్లని నీరు, అందులో కరిగిన నైట్రేట్లు, ఫాస్ఫేట్లు పైపైకి లేస్తాయి. వెలుతురు సోకే లోతుకు అవి చేరగానే కంటికి కనబడని వృక్షప్లవకాలు మొలకెత్తినట్లు పెరుగుతాయి. వాటిని తినే జంతుప్లవకాలు, వాటి వెనుక చిరుచేపలు, చిరుచేపల వెనుక పెద్దచేపలు వస్తాయి. ప్రదక్షిణంగా తిరిగే సుడి కథ వేరు. దాని నడుమ మట్టం ఉబ్బి ఉంటుంది, వెచ్చని నీరు లోతుకు దిగుతుంది, పోషకాలు వెలుతురుకు మరింత దూరమవుతాయి. ప్రదక్షిణాన్నే శుభంగా ఎంచే మనకు, మన కడలిలో అన్నం పెట్టేది అప్రదక్షిణపు సుడి కావడం తమాషాగానే తోస్తుంది!

బంగాళాఖాతానికి ఈ అన్నదాత అవసరం మరీ ఎక్కువ. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు ఉప్పునీటి మీద పాల మీద మీగడలా పరచుకుంటుంది. అరేబియా సముద్రాన్ని చిలికినంత బలంగా నైరుతి గాలులు దీనిని చిలకలేవు. పోషకాలు అడుగునే ఉండిపోతాయి. 2004లో గోవాలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థకు చెందిన ప్రసన్నకుమార్, ఆయన సహచరులు బంగాళాఖాతపు జీవోత్పత్తిని పెంచేవి ఈ సుళ్ళేనా అన్న ప్రశ్ననే శీర్షికగా పెట్టి ఒక పరిశోధనాపత్రం ప్రచురించారు. అవుననే వారి వాదన. ఐతే అందులో ఒక మెలిక ఉన్నది. ఆ మీగడను సుడి చాలాసార్లు చీల్చలేదు. పంట పైన గాక కొన్ని పదుల మీటర్ల లోతున పండుతుంది. నీటి రంగు చూసే ఉపగ్రహానికి ఆ పచ్చదనం పూర్తిగా కనబడదు.

ఇంతవరకు చదివినవారు చల్లని సుడి మంచిది, వెచ్చని సుడి చెడ్డది అనే తీర్పుకు వచ్చి ఉంటారు. పత్రికలలో వచ్చే వ్యాసాలు సాధారణంగా అక్కడే ఆగిపోతాయి కూడా. వెచ్చని సుడి మీద మోపడానికి మరో నేరం సిద్ధంగానే ఉన్నది. అది తుపానులకు ఇంధనం. 2009 మే నెలలో పశ్చిమ బెంగాలును, బంగ్లాదేశ్‌ను దెబ్బతీసిన ఐలా తుపాను ఉత్తర బంగాళాఖాతంలో ఒక వెచ్చని సుడి మీదుగా సాగుతూ బలం పుంజుకున్నదని మన శాస్త్రవేత్తలే చూపించారు.

ఐనా ఈ తీర్పు తప్పని నా అభిప్రాయం. బంగాళాఖాతంలో సుమారు నూరు మీటర్ల దిగువ నుండి ప్రాణవాయువు దాదాపుగా లేని ఒక మందపాటి పొర ఉన్నది. అది పూర్తిగా శూన్యం కాదు. లెక్కకు అందీ అందనంత ప్రాణవాయువు అక్కడ మిగిలి ఉన్నదని, నైట్రేట్లు నత్రజని వాయువుగా మారి సముద్రానికి దక్కకుండా పోవడాన్ని ఆ కాస్తే అదుపులో ఉంచుతున్నదని 2017లో ఒక అంతర్జాతీయ బృందం తెలిపింది. మరి ఆ కాస్త ఊపిరి ఎక్కడిది? 2018లో విశాఖపట్నంలోని శర్మ, హైదరాబాదులోని ఉదయభాస్కర్ వెలువరించిన పరిశోధన ఒక జవాబు చెబుతున్నది. వెచ్చని సుళ్ళు పైనున్న ప్రాణవాయువును లోతులకు చేరవేస్తున్నాయట! మనం గొడ్డుబోతు అని తీసిపారేసినది అడుగునున్న లోకానికి ఊపిరి పోస్తున్నది. అన్నం పెట్టే చల్లని సుడేమో ప్రాణవాయువు కొరవడిన నీటినే పైకి లేపుతుంది. అట్లాంటిక్‌లో గల్ఫ్ స్ట్రీమ్ దగ్గర తెల్లసొరలకు ఉపగ్రహ పరికరాలు తగిలించి గమనించినవారు, అవి చల్లని సుళ్ళ కన్నా వెచ్చని సుళ్ళలోనే ఎక్కువ లోతుకు మునిగి ఎక్కువ సేపు గడుపుతున్నాయని 2018లో ప్రకటించారు. పోషకాలు తక్కువైన నీటిలో సొరకు ఏం పని? వెచ్చదనం లోతుదాకా ఉన్నందున అక్కడ చలికి బెదరకుండా అడుగుచేపలను వేటాడవచ్చునన్నది వారి ఊహ.

ఇది కేవలం శాస్త్రవినోదం కాదు. పచ్చగా ఉంటే మంచిదనే సూత్రాన్ని పట్టుకొని కడలిని చూస్తే రెండు ప్రమాదాలున్నాయి. మొదటిది, పొలాల నుండి నదుల గుండా కొట్టుకువచ్చే ఎరువు సముద్రానికి మేలే కదా అనుకోవడం. ఎక్కువ పండితే ఎక్కువ కుళ్ళుతుంది. అడుగుకు రాలి కుళ్ళేది మిగిలి ఉన్న ఆ కాస్త ప్రాణవాయువునూ తినివేస్తుంది. బంగాళాఖాతపు పేదరికం దిద్దవలసిన లోపం కాదు. ఒక నాజూకైన తూకం.

రెండవది వేటకు సంబంధించినది. హైదరాబాదులో ఉన్న భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం నీటి ఉష్ణోగ్రత, రంగు ఆధారంగా చేపలు దొరికే చోట్లు సూచిస్తుంది. డీజిలు ఖర్చుకు వెనుకాడే చిన్న పడవవానికి అది నిజంగా మేలు. దానిని నేను కాదనను. కాని సుడి చేపలను ఆ పూటకు పుట్టించదు. ప్లవకం పెరిగి అది చేపగా మారడానికి కాలం పడుతుంది. సుడి ముందుగా చేసేది చెల్లాచెదరుగా ఉన్న చేపలను ఒకచోటికి చేర్చడం. ఆ చోటు తెలిసిన వలలో ఎక్కువ చేప పడితే సముద్రంలో చేప పెరిగినట్లు కాదు, వెదకడం తేలికైనట్లు. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేటకు విరామం ఉన్నది. సంతోషమే. తక్కిన పది నెలలలో చోటు చెప్పే జ్ఞానంతో బాటు ఎంత పట్టవచ్చునో చెప్పే జ్ఞానమూ తీరానికి చేరాలి. ఒకటి లేనిదే రెండవది సగం సాయమే.

మాట దగ్గరికే మళ్ళీ వస్తాను. గుండాన్ని నదులకు వదిలివేసి, సముద్రానికి ఉత్త ‘సుడి’ చాలునని నా ప్రతిపాదన. చల్లని సుడి, వెచ్చని సుడి. భయానికీ భాగ్యానికీ రెంటికీ చెల్లే మాట మనకు ముందునుండే ఉండగా భయాన్ని మాత్రమే ఎంచుకోవడం దేనికి? ఇక తరతరాలుగా ఈ నీటి మీదనే బ్రతికినవారు చల్లబడిన నీటికి, రంగు మారిన నీటికి, దారి తప్పించే ప్రవాహానికి తమ పేర్లు పెట్టుకొనే ఉంటారు. ఉప్పాడ, భీమిలి, నిజాంపట్నం వైపు మిత్రులెవరైనా పెద్దలనడిగి ఆ మాటలు వ్రాసి పెడితే, నిఘంటువు ముందు కూర్చొని మనం చేసే అనువాదాల కన్నా అవే నికరంగా నిలుస్తాయి.