మిద్దె నీడలో మామిడి

మాది పర్ణశాల. భద్రాచలం నుంచి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. సీతమ్మ చీరలు ఆరేసిందని చెప్పే రాళ్లు చూడ్డానికి బస్సుల్లో వచ్చిపోతారే, ఆ ఊరే. నా ఉద్యోగం హైదరాబాద్‌లో. మే నెలలో మాత్రం మామిడిపండు కోసం ఇంటికెళ్లాల్సిందే.

పన్నెండేళ్ల కిందట నాన్న ఒకే నర్సరీ నుంచి రెండు బంగినపల్లి అంట్లు తెచ్చాడు. ఒకటి అమ్మ పెరట్లో నాటింది. రెండోది ఊరి బయట ఎర్రచెలకలో పెట్టారు. మొదట్లో రెండూ ఒకటే తీపి. మూడేళ్లుగా పెరటి కాయ సైజు పెరిగింది, రుచి మాత్రం చప్పన. "జాతి చెడింది, కొట్టేద్దాం" అంటాడు నాన్న. అమ్మ ఏమీ అనదు.

అంటు చెట్టుకి జాతి ఎలా మారుతుంది? బగ్‌లు వెతికే అలవాటు కదా, ఆన్‌లైన్‌లో రిఫ్రాక్టోమీటర్ కొన్నా. రసం చుక్క వేస్తే నూటికి చక్కెర ఎంతో ఇంచుమించుగా చెబుతుంది. రెండు చెట్ల కాయలూ ఒకే రోజు కోసి, వరిగడ్డిలో పక్కపక్కనే మాగేసి చూశా. చెలక పండు 19. పెరటిది 13.

పండులో తీపి ఆకు పెట్టిన భిక్షే. ఆకు ఎండలో చేసిన చక్కెర కాయలోకి దిగి పిండిపదార్థంగా నిలవుంటుంది. మాగేటప్పుడు ఆ పిండే మళ్లీ చక్కెరవుతుంది. అందుకే లేతకాయని కోసి ఎంత మాగేసినా రంగు వస్తుంది గానీ తీపి రాదు. ఇక నీళ్లు. కోతకు ముందు తడి ఎక్కువైతే కాయ ఉబ్బుతుంది, తీపి పలచబడుతుంది. చెలక చెట్టుకి ఆ నెలంతా ఎవరూ నీళ్లు పెట్టరు. ఎర్రనేల తడినీ పట్టుకోదు. కోత ముందు అకాల వాన పడి, వారం మబ్బు పట్టిన ఏడాది మాత్రం అదీ చప్పబడుతుంది.

సరే, పెరట్లో మూడేళ్ల కిందట ఏం మారింది? మధ్యాహ్నం మూడింటికి చెట్టు కింద నిలబడితే తెలిసింది. ఎండకి అడ్డంగా మా మేడ గది. నేను పట్టుబట్టి నా జీతంతో వేయించిందే, వచ్చినప్పుడు ఏసీలో పడుకోడానికి. దాని బాత్రూం నీళ్ల పైపు కూడా సరిగ్గా చెట్టు మొదట్లోకే.

"ముందే చెప్పొచ్చుగా అమ్మా?"

"చెబితే గది పీకేస్తావా?" అంది టెంక చీకుతూ.

పైపుని అరటిచెట్ల వైపు తిప్పాం. కోతలయ్యాక లోపలి కొమ్మలు పలచన చేయిస్తున్నా, ఉన్న ఎండైనా దిగాలి కదా. నాన్న రెండేళ్లు గడువిచ్చాడు. గొడ్డలి మాత్రం ఇంకా వసారాలోనే ఉంది.