ఆసుపత్రిలో తిండి సంగతి చూసేదెవరు?

2024 అక్టోబరులో 70 ఏళ్లు దాటినవారందరికీ ఆయుష్మాన్ భారత్ వర్తింపజేశాక మన నగర్తపేట ఇళ్లలో ఆసుపత్రి ఖర్చుల మీద చర్చ బాగానే నడిచింది. చేరిన మనిషి అక్కడ ఏం తింటున్నారో మాత్రం ఎవరూ అడగడం లేదు.

ఆ మధ్య మా సంఘం పెద్దాయన ఒకరు తుంటి ఎముక విరిగి ఓ ఆసుపత్రిలో చేరారు. ఆపరేషను రెండుసార్లు వాయిదా పడింది. రెండుసార్లూ పొద్దుటి నుంచి పస్తే. ఆ తరువాత ఆయనకు ఏదీ సయించలేదు. ఇంటినుంచి వెళ్లిన చారన్నం క్యారియర్‌లో సగం తిరిగొచ్చేది. డాక్టరుగారు మెత్తగా పెట్టమన్నారు. నర్సమ్మ డైటీషియన్‌ను అడగమంది. డైటీషియన్ షుగరు రోగుల పట్టిక చేతికిచ్చి వెళ్లారు. ఎవరి మాటా తప్పు కాదు, కానీ ఆయన బరువు చూసినవారే లేరు. నాలుగు బల్లలు తిరిగి ఎవరి సంతకమూ లేకుండా వచ్చే ఫైళ్లు గుమాస్తాగిరీలో మేము చాలా చూశాం. ఆయన ఇల్లు చేరారు గానీ, మన పేట ఇళ్ల ఇరుకు మెట్లు ఎక్కే సత్తువ లేదు.

బ్రిటన్‌లోని నైస్ అనే వైద్య ప్రమాణాల సంస్థ 2006లోనే దీనికి దారి చెప్పింది. ఆసుపత్రిలో చేరగానే పోషణ స్థితి చూడాలి, వారం వారం మళ్లీ చూడాలి, అవసరమైనవారిని డాక్టరు, డైటీషియన్, నర్సు, ఫార్మసిస్టు కలిసి చూసుకోవాలి. మన దేశంలో ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ప్రమాణాలూ పోషణను కలిసి చూడాలనే అంటాయి.

కలిసి ఎందుకంటే, అయిదు రోజులకు పైగా దాదాపు ఏమీ తినని మనిషికి ప్రేమకొద్దీ ఒక్కసారిగా నిండుగా పెడితే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. అందుకే మొదటి రెండు రోజులూ అవసరంలో సగానికి మించవద్దని నైస్ సూచన. ఎంత పెట్టాలో డైటీషియన్ లెక్కగడితే రక్తపరీక్ష డాక్టరు చూడాలి. ఫిట్స్‌కిచ్చే ఫెనిటాయిన్ ట్యూబు ఆహారంతో కలిస్తే సరిగా ఒంటబట్టదు, అది ఫార్మసిస్టు పట్టుకోవాలి. పక్షవాతం వచ్చినవారికి మింగడం వస్తుందో లేదో చూడకుండా గంజి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

చిన్న నర్సింగ్ హోముల్లో ఇంతమంది ఉండరు, నిజమే. అయినా చేర్చిన రోజే బరువు రాయించండి, ఆర్నెల్లలో ఎంత తగ్గారో చెప్పండి, తిండి బాధ్యత ఎవరిదో పేరు అడగండి. తిన్నది, మిగిల్చింది ఇంటివాళ్లే ఓ కాగితం మీద రాసి పెట్టుకోండి. మన ముసలివాళ్లకు తెలుగులో తప్ప ఆకలి చెప్పుకోవడం రాదు. పక్కన మనిషి లేని ఇళ్లవారు సంఘానికి కబురు చేస్తే మేమే ఎవరినైనా పంపుతాం.