ఫోకసర్‌కు కావలసింది బలం కాదు, చిన్న అడుగు

టెలిస్కోపు సొంతంగా కట్టుకున్నవాళ్లు ఫోకసర్‌కు స్టెప్పర్ మోటారు బిగించాలనుకుంటే ఎక్కువగా వినిపించే సలహా ఒకటే: నీమా 17 తీసుకోండి, టార్కు దండిగా ఉంటుంది, దిగులుండదు. అమ్మేవాళ్లూ అదే అంటారు, కొన్నవాళ్లూ పక్కవాళ్లకు అదే చెబుతారు. బోరు మోటారుకు హెచ్‌పీ చూసినట్టు ఫోకసర్ మోటారుకు టార్కు చూసే ఈ అలవాటు తప్పు. దానివల్ల డబ్బు ఎక్కువ పోతుంది, ఫోకసూ కుదరదు.

అసలు మోటారు ఎందుకు? 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరులో జాన్సెన్, మచిలీపట్నంలో పోగ్సన్ పరిశీలించినప్పుడు ఏ మోటారూ లేదు. కంటితో చూసేవాళ్లకు ఇప్పటికీ చేయి చాలు. కాస్త తేడా ఉంటే కంటి కటకమే సర్దుకుంటుంది. కెమెరా సెన్సారు సర్దుకోదు. ఎఫ్/5 టెలిస్కోపులో చిత్రం పదునుగా నిలిచే మేర మొత్తం కలిపి 67 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదిహేనో వంతు. ఎఫ్ అంకెను దానితోనే హెచ్చవేసి 2.7తో గుణిస్తే ఈ లెక్క వస్తుంది. పైగా అల్యూమినియం గొట్టం మీటరుకు, ఒక డిగ్రీకి 23 మైక్రాన్లు కుంచించుకుపోతుంది. 750 మిల్లీమీటర్ల గొట్టమైతే ఐదు డిగ్రీలు చల్లబడితే 86 మైక్రాన్లు. సాయంత్రం కుదిరిన ఫోకస్ అర్ధరాత్రికి చెదిరిపోయేది ఇందుకే. మా యానాంలో గౌతమి మీదుగా తేమగాలి వీచే రాత్రి, మంచు పట్టకుండా అన్నీ కప్పుకొని, గొట్టాన్ని ముట్టుకోకుండా సర్దుకోవాలంటే మోటారు నిజంగానే కావాలి.

ఇప్పుడు పెద్ద మోటారు సంగతి. నీమా 17 ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. ఫోకసర్ షాఫ్టు 6 మిల్లీమీటర్లదైతే ఒక చుట్టుకు కెమెరాను పట్టుకున్న లోపలి గొట్టం దాదాపు 18.8 మిల్లీమీటర్లు కదులుతుంది. నేరుగా బిగిస్తే ఒక్క అడుగుకు 94 మైక్రాన్లు. పదునైన చోటే 67 మైక్రాన్లు అయినప్పుడు, ఒక అడుగు ఇటు, మరో అడుగు అటు పడి, ఆ చోటు మధ్యలో తప్పిపోవచ్చు. ఎంత బలమున్నా ఈ లోటు తీరదు.

దీనికి పెద్ద మోటారు కొనమనేవాళ్లు ఇచ్చే జవాబు మైక్రోస్టెప్పింగు: డ్రైవరుతో ఒక అడుగును పదహారు ముక్కలు చేస్తే సరి అంటారు. కాగితం మీద సరే. కానీ ఒక్కో ముక్క వెనక ఉండే టార్కు మొత్తంలో పదో వంతు మాత్రమే. రాపిడి ఉన్న షాఫ్టు కొన్ని ముక్కల దాకా కదలక, ఆ తర్వాత ఒక్కసారిగా జరుగుతుంది. కరెంటు తీశారా, రోటరు దగ్గర్లోని పూర్తి అడుగు దగ్గరికి జారుకుంటుంది, ఫోకస్ పోతుంది. పోకూడదంటే రాత్రంతా కరెంటు ఇస్తూ ఉండాలి. అప్పుడు కదలకపోయినా మోటారు వేడెక్కుతుంది. న్యూటోనియన్‌లో ఫోకసర్ టెలిస్కోపు మూతి దగ్గరే ఉంటుంది కనుక ఆ వేడిగాలి నక్షత్రకాంతికి అడ్డుగా లేస్తుంది. బ్యాటరీ సంగతి చెప్పనే అక్కర్లేదు.

క్రేఫోర్డ్ ఫోకసర్లలో ఆ బలం వాడుకోవడానికి వీలు కూడా లేదు. వాటికి పళ్లు ఉండవు. షాఫ్టు గొట్టాన్ని నొక్కి, రాపిడితోనే లాగుతుంది. రాపిడి దాటిన బలమిస్తే షాఫ్టు జారుతుంది, అడుగుల లెక్క తప్పుతుంది. పళ్లున్న ఫోకసర్‌లోనైతే చివరకు వెళ్లి గుద్దినప్పుడు చిన్న మోటారు ఆగిపోతుంది, పెద్దది పళ్లు విరగ్గొట్టవచ్చు.

నేను చెప్పేది 28బీవైజే-48. ఐదు వోల్టుల బుల్లి మోటారు, యూఎల్ఎన్ 2003 డ్రైవరు బోర్డుతో కలిపి రెండు మూడు వందల లోపే. లోపలే గేర్లు ఉండటం వల్ల చుట్టుకు సుమారు 2,040 అడుగులు. అదే 6 మిల్లీమీటర్ల షాఫ్టుకు అడుగు 9 మైక్రాన్లే. పదునైన మేరలో ఏడు అడుగులు పడతాయి. కరెంటు తీసినా గేర్లే పట్టుకుంటాయి.

దీనిమీద రెండు అభ్యంతరాలున్నాయి, రెండూ నిజమే. మొదటిది బలం. 800 గ్రాముల కెమెరాను నిలువుగా ఎత్తడానికి ఆ షాఫ్టు దగ్గర 240 గ్రామ్-సెంటీమీటర్ల టార్కు కావాలి. ఈ మోటారు ఇచ్చేది 300 పైచిలుకు. రాపిడి కలిస్తే చాలదు. అందుకే నేరుగా కాకుండా, షాఫ్టును పదింట ఒక వంతే తిప్పే సన్న నాబ్‌కు బిగించాలి. బరువు పదో వంతుకు దిగుతుంది, అడుగు ఒక మైక్రానుకు తగ్గుతుంది. సన్న నాబ్ లేని ఫోకసర్‌కు బరువైన కెమెరా తగిలిస్తే గేర్‌బాక్సుతో వచ్చే నీమా 11 గానీ 14 గానీ తీసుకోవాలి. అక్కడ కూడా పని చేసేది గేరే. రెండోది గేర్ల ప్లే, అంటే పళ్ల మధ్య వదులు. ఉంది. ఎప్పుడూ కెమెరా బరువుకు ఎదురుగా, ఒకే వైపు నుంచి చివరి కదలిక పూర్తిచేస్తే అది లెక్కలోకి రాదు. ప్రోగ్రాములో రెండు మూడు లైన్ల పని.

కాలేజీ పిల్లలు పాకెట్ మనీ కూడబెట్టి, ఎవరో చెప్పారని పెద్ద మోటారు, దానికి డ్రైవరు, దానికి పెద్ద బ్యాటరీ కొని, చివరికి చిత్రం మసకగా వస్తే తమ అద్దాన్నే అనుమానిస్తారు. అది నాకు బాధ. కొనేముందు వెర్నియర్‌తో షాఫ్టు వ్యాసం కొలవండి. 3.14తో గుణించి, చుట్టుకు మోటారు వేసే అడుగులతో భాగించండి. వచ్చిన అంకె మీ టెలిస్కోపు పదునైన మేరలో ఐదో వంతుకు మించితే, ఆ మోటారు ఎంత బలమైనదైనా కొనకండి.