గడియారం ఎప్పటి నుంచి నడవాలి?

తుంటి విరిగిన ముసలమ్మ కాలు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది: కాలు పొట్టిబడి, పాదం పక్కకు వాలి ఉంటుంది. ఆపరేషన్ ఎంత తొందరగా చెయ్యాలన్నదే వైద్యుల మధ్య వాదన.

2020లో ‘లాన్సెట్’ ప్రచురించిన హిప్ అటాక్ పరిశోధన దీన్ని తేల్చబోయింది. భారత్ సహా 17 దేశాలు, 69 ఆసుపత్రులు, 2,970 మంది రోగులు. ఒక వర్గానికి సుమారు 6 గంటల్లో, రెండో వర్గానికి మామూలు పద్ధతిలో 24 గంటల ప్రాంతంలో ఆపరేషన్ జరిగింది. మరణాలు 9 శాతం, 10 శాతం; చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ తొందరగా ఆపరేషన్ జరిగినవారిలో మతి తప్పడం తగ్గింది, త్వరగా లేచి నిలబడ్డారు, ముందే ఇంటికెళ్ళారు.

మంచి పరిశోధనే. అయితే అందులో గడియారం నడిచింది ఎముక విరిగిందని నిర్ధారణ అయ్యాక. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో అసలు ఆలస్యమంతా అంతకు ముందే! సుక్మా, బీజాపూర్ అడవి పల్లెల్లో రోగిని మంచం మీదే రోడ్డు దాకా మోసుకొస్తారు. ఆ తర్వాత జగదల్‌పూర్ మెడికల్ కాలేజీ. కోంటా వైపువాళ్ళకు భద్రాచలమే దగ్గర. ఈలోగా నాటు కట్టు పడుతుంది. తుంటికి అది చాలదు. నెలల తరబడి మంచాన ఉంటే వీపున పుండ్లు, ఊపిరితిత్తుల్లో న్యుమోనియా.

70 దాటినవారందరికీ ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల రూపాయల బీమా 2024 అక్టోబరులోనే మొదలైంది. కార్డు చేతికిస్తే సరిపోదు. రోగి కింద పడిన గంట నుంచే ఆసుపత్రులు లెక్క రాయాలి. ఆ లెక్క చూసి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం అంబులెన్సులు పెంచాలి.