ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వకండి

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, తండాల్లో, గూడేల్లో, ఎస్సీ కాలనీల్లో కాలేజీ పీఆర్వోల బైకులు తిరగడం మొదలవుతుంది. చేతిలో రంగుల బ్రోచర్, నోట 'పైసా ఖర్చు లేదమ్మా, అంతా రీయింబర్స్‌మెంటే' అన్న మాట. వెళ్లేముందు మాత్రం 'మెమో, టీసీ, క్యాస్ట్ సర్టిఫికెట్ ఇవ్వండి, జిరాక్స్ తీయించి రేపు తెచ్చిస్తా' అంటారు.

ఇవ్వకండి. ఒరిజినల్స్ కాలేజీ బీరువాలోకి వెళ్తే, మంచి ర్యాంకుతో వేరేచోట సీటొచ్చినా పిల్ల అక్కడ చేరడం కష్టం. తిరిగి అడిగితే ఫీజు కట్టి తీసుకెళ్లమంటారు. కూలికెళ్తే తప్ప పొయ్యి వెలగని ఇల్లు ఆ డబ్బు ఎక్కణ్నుంచి తెస్తుంది? గత్యంతరం లేక అక్కడే చేర్పిస్తుంది. అసలు అలా అట్టిపెట్టుకునే హక్కే కాలేజీకి లేదు. విద్యార్థి ఎదుటే సరిచూసి వెంటనే తిరిగివ్వాలని యూజీసీ 2018లోనే ఆదేశించింది. ఆ ముక్క తల్లిదండ్రుల చెవిన వేసేవాళ్లే కరువయ్యారు.

ఓటీపీ సంగతీ అంతే. ఇంటికంతటికీ ఉన్న ఒక్క ఫోనుకు మెసేజ్ వస్తుంది. 'నంబరొచ్చిందా తమ్ముడూ, చదువు' అనగానే అమాయకంగా చదివేస్తారు. అటు డిగ్రీ సీట్ల దోస్త్‌లోనో, ఇంజినీరింగ్ సీట్ల ఎప్‌సెట్‌లోనో వెబ్ ఆప్షన్లు వాళ్లకు నచ్చినట్టు పడిపోతాయి. పాస్‌వర్డ్ కూడా నెట్ సెంటర్ కాగితం మీద వదిలిరావద్దు.

అన్నిటికన్నా నన్ను భయపెడుతున్నది మేనేజ్‌మెంట్ సీటు అంటగట్టి, రీయింబర్స్‌మెంట్ వస్తుందని నమ్మించడం. ఇంజినీరింగ్‌లో ఆ పథకం కన్వీనర్ కోటా సీట్లకే. నిజం తెలిసేసరికి కౌన్సెలింగ్ అయిపోతుంది, ఇంటి మీద అప్పు మిగులుతుంది. కౌన్సెలింగ్ అలాట్‌మెంట్ లెటర్ కళ్లారా చూడందే ఎవరికీ రూపాయి కట్టవద్దు.

ఈ ఇళ్లలో మొదటిసారి కాలేజీ గడప తొక్కుతున్న పిల్లలే ఎక్కువ. కట్ ఆఫ్ అంటే ఏమిటో, ఏ కోర్సుకు ఏ ఉద్యోగాలున్నాయో చెప్పే అన్నో అక్కో ఇంట్లో లేరు. ఆ లోటునే పీఆర్వో వాడుకుంటున్నాడు. ఊళ్లో డిగ్రీ చదివినవాళ్లు, పంతుళ్లు ఈ వారమే వాళ్ల పక్కన కూర్చోవాలి. నిరుటి చివరి ర్యాంకులు చూపించి ఆప్షన్లు పిల్లల చేతే పెట్టించండి. ఆదాయ సర్టిఫికెట్‌కు మీసేవలో ఇప్పుడే దరఖాస్తు చేయించండి. ఇప్పటికే ఒరిజినల్స్ ఇచ్చేసినవాళ్లుంటే తోడు వెళ్లండి. తిరిగివ్వమని రాతపూర్వకంగా అడిగించి, ముట్టినట్టు కాలేజీ ముద్ర వేయించుకోండి. కాదంటే ఆ కాగితంతోనే యూనివర్సిటీకి ఫిర్యాదు చేయించండి.