బురదలో దోషి ఎవరు?

వాగులో చేపలు చచ్చి తేలితే నీళ్ళు పట్టి పరీక్షకు పంపుతారు. అడుగున వున్న బురద సంగతి ఎవరికీ తోచదు. నీరు నాలుగు రోజుల్లో సాగిపోతుంది. విషం బురదను అంటిపెట్టుకుని యేళ్ళ తరబడి కాపురం చేస్తుంది.

ఆ బురద రసాయన శాస్త్రజ్ఞుడి చేతికిస్తే పెద్ద జాబితా రాసి యిస్తాడు. సీసం వుంది, రాగి వుంది, పురుగుల మందు వుందంటాడు. అందరూ వున్నారు సరే, చంపింది ఎవరు? గంధకంతో ముడిపడిన లోహం యెంత వున్నా చాలాసార్లు ప్రాణికి అంటదు. లేశమాత్రంగా వున్న మరొకటి కొంప తీస్తుంది. అంచేత నా మటుకు నాకు జాబితా మీద కంటే ప్రాణి మీదే నమ్మకం యెక్కువ.

హయలెల్లా అని రొయ్యకు దూరపు చుట్టం ఒకటుంది, చాలా చిన్న జీవి. అమెరికాలో దీన్ని గాజుపాత్రల్లో బురద మీద పదేసి చొప్పున వదిలి, పది రోజులయాక బతికినవాటిని లెక్కపెడతారు. శుభ్రమైన బురదలో కంటే బాగా యెక్కువ చస్తే అందులో విషం వున్నట్టే. అసలు చమత్కారం ఆ తరవాత వుంది. అదే బురదను వాటాలు వేసి, ఒకదాంట్లో జియోలైట్ అనే ఖనిజం కలుపుతారు. అది అమ్మోనియాను పట్టేస్తుంది. ఒకదాంట్లో లోహాలను పట్టుకునే రెజిన్. మరొకదాంట్లో యేమిటనుకున్నారు? కొబ్బరి చిప్ప బొగ్గు పొడి! పురుగుమందుల వంటివి దానికి అతుక్కుపోతాయి. యే వాటాలో జీవులు బతికి బట్టకడితే ఆ జాతి విషమే దోషి. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 2007లో అచ్చువేసిన పద్ధతుల్లో యీ బొగ్గు కూడా వుంది సుమండీ.

కాలిఫోర్నియాలో రోజ్‌విల్ అనే వూళ్ళో కొత్త యిళ్ళ మధ్యగా వాగులు పారుతున్నాయి. 2005లో వెలువడిన పరిశోధనలో ఆ వాగుల బురద దాదాపు అన్నిచోట్లా హయలెల్లాను చంపింది. దోషులు పైరెథ్రాయిడ్లు, ముఖ్యంగా బైఫెన్‌త్రిన్. చామంతి జాతి పువ్వులోని విషాన్ని నమూనాగా పెట్టుకుని చేసిన మందులివి. క్లోర్‌పైరిఫాస్ వంటి పాత మందులు పసిపిల్లలకు చెరుపని 2000 ప్రాంతంలో యిళ్ళలో మాన్పిస్తే, ఆ ఖాళీలోకి యివి వచ్చాయి. చీమలకని గోడవారన, పురుగులకని పచ్చిక మీద చల్లింది వానకు కొట్టుకుపోయి వాగులో చేరింది.

వీటిని నిలదీసే యుక్తి నాకు మరీ నచ్చింది. పైపెరోనైల్ బ్యుటాక్సైడ్ అనే ద్రవ్యం కొంచెం నీటిలో కలుపుతారు. ప్రాణి ఒంట్లో పైరెథ్రాయిడ్‌ను విరిచేసే శక్తిని అది కట్టేస్తుంది, చావులు పెరుగుతాయి. క్లోర్‌పైరిఫాస్ అయితే ఆ శక్తివల్లనే అసలు విషంగా మారుతుంది గనుక చావులు తగ్గుతాయి. నీళ్ళు చల్లబరిచినా పైరెథ్రాయిడ్ బయటపడుతుంది. చలిలో అది మరింత విజృంభిస్తుంది. మామూలు పరీక్ష జరిగేదేమో 23 డిగ్రీల వెచ్చదనంలో. కాలిఫోర్నియాలో వానలు పడి మందు వాగులోకి వచ్చేది చలికాలంలో.