సెప్టిక్ ట్యాంకు తర్వాత ఏమిటి?



మా కోనసీమలో ఇల్లు కట్టే ప్రతివాళ్ళూ సెప్టిక్ ట్యాంకు కట్టిస్తున్నారు. దాని చివరి గొట్టం ఎక్కడికి పోతుందో అడిగేవాళ్ళు లేరు. మా వీధిలో అది డ్రైన్లోకి, అక్కణ్ణుంచి పంటకాల్వలోకి పోతోంది. ఆ కాల్వ నీళ్ళే మంచినీళ్ళ చెరువుకు పెట్టేది! ట్యాంకు మడ్డిని అడుక్కి దించుతుంది, అంతే. నీళ్ళలో కరిగిన మలినం, రోగక్రిములు బయటికి వచ్చేస్తాయి.

ఇంకుడుగుంత తవ్వుకోమంటారు. మెట్ట ఊళ్ళకు అది సరే. ఇక్కడ బంకమట్టి, వానాకాలంలో మూడడుగులు తవ్వితే ఊట. గుంతలో నీరు ఇంకకపోగా, ఊటే గుంతలోకి వస్తుంది.

అందుకే మూడేళ్ళ కిందట మా పెరట్లో మెట్టతామర మడి కట్టించాం. ఐదుగురం ఉన్న ఇంటికి పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండడుగుల లోతున సిమెంటు తొట్టి. ట్యాంకు నుంచి నీరు వచ్చే చోట, బయటికి పోయే చోట పిడికెడంత రాళ్ళు, మధ్యలో సన్న కంకర, అందులో మొక్కలు. నీరు కంకరలో మెల్లగా నడుస్తుంటే రాళ్ళను, వేళ్ళను పట్టుకుని పెరిగే సూక్ష్మజీవులు మలినాన్ని తినేస్తాయి. దోమల భయం అక్కర్లేదు. చివరి గొట్టానికున్న వంపుతో నీటిమట్టాన్ని కంకర పైనుంచి మూడంగుళాల కిందే ఉంచుతాం. పైన చెయ్యి పెడితే పొడిగానే ఉంటుంది.

మొదటి ఏడాది ట్యాంకు ఖాళీ చేయించకుండా అశ్రద్ధ చేశాం. మడ్డి కొట్టుకొచ్చి కంకర పూడిపోయింది. మొదటి రెండడుగుల మేర తవ్వి, కడిగి, మళ్ళీ వేశాం. రెండు మూడేళ్ళకోసారి ట్యాంకు తోడించనివాళ్ళకు ఈ పద్ధతి పనికిరాదు. బయటికొచ్చే నీళ్ళను కొబ్బరికీ అరటికీ పెడుతున్నాం. క్రిములు పూర్తిగా పోవు కాబట్టి ఆకుకూరలకు మాత్రం పెట్టం.

ఇది కొత్త ప్రయోగమేమీ కాదు. జర్మనీలో కేతే జైడెల్ 1950లలోనే నీటిమొక్కలతో మురుగును శుద్ధిచేసే పరిశోధనలు మొదలుపెట్టారు. మనదగ్గర ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో ఊరి మురుగునే ఇలాంటి మడిలోకి మళ్ళించి, ఆ నీటిని సాగుకు అందించారు.

సెంటున్నర స్థలాల కాలనీల్లో ఇంటికో మడికి చోటు చాలదు, నిజమే. వరుసకొకటి ఉమ్మడిగా కట్టవచ్చు. ప్లాను మంజూరు చేసేటప్పుడు పంచాయతీవారు ట్యాంకు కొలతలతోపాటు గొట్టం చివర ఎక్కడ తేలుతుందో కూడా చూడాలి. కాల్వగట్టు ఇళ్ళతో మొదలుపెట్టండి. ఈ వేసవిలో కాల్వలు కట్టేసినప్పుడే ఆ పని సులువు.

– ఒక పాఠకురాలు, కోనసీమ